పెరుగు, చద్దన్నం, అంబలి, కంజి, కొంబుచా: మీ ఇంటికి ఏది కుదురుతుంది?

ఈమధ్య స్నేహితులు, బంధువులు నన్ను తరచూ అడుగుతున్న ప్రశ్న ఇది: "గట్ హెల్త్ (పేగుల ఆరోగ్యం) కోసం ఏదో ఒకటి మొదలుపెడదామనుకుంటున్నా. కొంబుచా చెయ్యనా, కిమ్చి చెయ్యనా?" అడిగినవాళ్ల ఫ్రిజ్ తెరిస్తే గిన్నెడు పెరుగు, డబ్బాడు ఇడ్లీ పిండి ఉంటాయి. రాత్రి మిగిలిన అన్నం మాత్రం చెత్తబుట్టలో ఉంటుంది. అందుకే జవాబు చెప్పేముందు నేనే నాలుగు ప్రశ్నలు వేస్తాను. పొద్దున ఏడింటికి మీ వంటింట్లో ఎవరుంటారు? ఇంట్లో షుగర్ ఎవరికుంది, బీపీ ఎవరికుంది? పాలు పడనివాళ్లు ఉన్నారా?

వీటిలో ఏది గొప్పదన్న చర్చ కంటే, ఏది మీ ఇంట్లో ఏడాది పొడుగునా ఆగకుండా సాగుతుందన్నదే ముఖ్యం. తిండితో పాటు లోపలికి వెళ్లే మంచి బ్యాక్టీరియా చాలావరకు పేగుల్లో కాపురం పెట్టదు. కొన్ని రోజులుండి వెళ్లిపోతుంది. కాబట్టి నెలకోసారి సీసాడు తాగడం కన్నా రోజూ కప్పుడు తినడమే పనికొస్తుంది.

పులిసినవన్నీ ఒకటి కాదు

పులిసినవాటన్నిటినీ మనం ఒకే గాటన కట్టేస్తాం. కొనేముందు, చేసేముందు ఒక్క తేడా తెలుసుకుంటే సగం అయోమయం తీరిపోతుంది. పెరుగు, మజ్జిగ, చద్దన్నం, కంజి లాంటివి పులిశాక మళ్లీ వేడి చెయ్యం. అందులోని బ్యాక్టీరియా బతికుండగానే కడుపులోకి వెళ్తుంది. ఇడ్లీ, దోసె సంగతి వేరు. పులిశాక ఆవిరి మీదో పెనం మీదో ఉడికిస్తాం కాబట్టి బ్యాక్టీరియా చచ్చిపోతుంది. కానీ అది రాత్రంతా చేసిన పని ఎక్కడికీ పోదు. పప్పులో, బియ్యంలో ఖనిజాలను పట్టి ఉంచే ఫైటిక్ ఆమ్లం తగ్గుతుంది, పిండి తేలిగ్గా అరుగుతుంది. అందుకే జ్వరం తగ్గినవాళ్లకి ఇడ్లీ పెడతాం. అది మంచి ఆహారమే, కాకపోతే దాన్ని ప్రోబయోటిక్ (బతికున్న మంచి బ్యాక్టీరియా ఇచ్చేది) అనుకోకండి.

ఇక ఆవకాయ. "మనకి ఆవకాయ ఉందిగా, అదే ప్రోబయోటిక్" అనే మాట చాలాచోట్ల వింటున్నాను. ఆవకాయలో అంత ఉప్పు, అంత ఆవపిండి, అంత నూనె పోసేదే ఏమీ పెరగకుండా ఏడాది నిలవుండాలని. మామిడికాయ పులుపు కూడా అదే పని చేస్తుంది. రుచి కోసం తినండి, కొంచెమే తినండి. గట్ హెల్త్ లెక్కలో మాత్రం రాసుకోకండి.

పెరుగు విషయంలోనూ ఇదే చూసుకోవాలి. మరుగుతున్న మజ్జిగ పులుసులో బ్యాక్టీరియా బతకదు. పొయ్యి మీంచి దించిన పొగలు కక్కే అన్నంలో పెరుగు కలిపినా చాలా భాగం పోతుంది. అన్నాన్ని పళ్లెంలో ఆరబెట్టి, వేలితో తాకితే గోరువెచ్చగా ఉన్నప్పుడు కలపండి.

పెరుగు: ఎక్కువమందికి ఇదే మొదటి మెట్టు

ఏం మొదలుపెట్టాలో తేల్చుకోలేనివాళ్లకి నేను కళ్లు మూసుకుని చెప్పేది ఇంటి పెరుగే. పాలు మరిగించి తోడు వేస్తాం కాబట్టి ప్రమాదం తక్కువ. పిల్లల నుంచి పెద్దవాళ్ల వరకు అందరూ తింటారు, కొత్తగా అలవాటు చేసుకోవాల్సిన రుచి కూడా కాదు. పాలు తాగితే కడుపు ఉబ్బరించేవాళ్లు చాలామంది పెరుగు తిని హాయిగా ఉంటారు. పాలలోని లాక్టోజ్ అనే చక్కెరను బ్యాక్టీరియా కొంత తినేస్తుంది, మిగిలినదాన్ని అరిగించడానికి కడుపులోనూ సాయపడుతుంది. ఆరోగ్యానికి మంచిదంటూ కంపెనీలు చెప్పుకునే మాటల్ని చాలావరకు తిప్పికొట్టే యూరప్ ఆహార భద్రతా సంస్థ కూడా 2010లో ఈ ఒక్క విషయాన్ని ఒప్పుకుంది. షరతల్లా గ్రాము పెరుగులో కనీసం 10 కోట్ల బతికున్న బ్యాక్టీరియా ఉండాలి.

ఇంట్లో పెరుగు సరిగా పేరుకోవడం లేదనేవాళ్లు దాదాపు అందరూ వేడి దగ్గరే తప్పుతారు. పాలు 40 నుంచి 43 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు తోడు పడాలి. థర్మామీటర్ అక్కర్లేదు, చిటికెన వేలు ముంచి పది అంకెలు నిదానంగా లెక్కపెట్టగలిగితే చాలు. వేలు వెంటనే తీసేయాల్సి వస్తే ఇంకా వేడి ఉన్నట్టు, వెచ్చదనమే తెలియకపోతే చల్లారిపోయినట్టు. అరలీటరు పాలకి ఒక టీస్పూను తోడు సరిపోతుంది. తోడు ఎక్కువేస్తే త్వరగా పేరుకుంటుంది గానీ నీళ్లు వదిలి పుల్లబడుతుంది. ఎండాకాలం నాలుగైదు గంటలు, చలికాలం ఎనిమిది నుంచి పది గంటలు పడుతుంది. పేరుకున్నాక గిన్నెను కదపకుండా ఫ్రిజ్‌లో పెట్టి, రేపటి తోడు ముందే చిన్న గిన్నెలోకి తీసి ఉంచుకోండి. పైన తేరిన నీళ్లు పారబొయ్యకండి, మజ్జిగలో కలిపేయండి.

షాపు పెరుగు చెడ్డదా అంటే కాదు. మామూలు ప్యాకెట్ పెరుగులోనూ బతికున్న బ్యాక్టీరియానే ఉంటుంది. పండ్ల రుచులు కలిపిన కప్పుల్లో పంచదార ఎక్కువ. పేరుకున్నాక మళ్లీ వేడి చేసి నెలల తరబడి నిలవుంచే రకాల్లో బతికున్నదేమీ ఉండదు. లేబుల్ చూసి కొనండి.

చద్దన్నం: ఖర్చు లేదు, శ్రద్ధ కావాలి

ఇది నాకు ఇష్టమైనది, అందుకని కాస్త ఎక్కువ చెబుతాను. చద్దన్నం రెండు పద్ధతుల్లో చేస్తారు. ఒకటి, రాత్రి అన్నంలో నీళ్లు పోసి ఉంచడం. కోస్తాలో కొన్ని ఇళ్లలో గంజి, నీళ్లు పోసి తరవాణి (పులిసిన గంజి నీళ్లు) కుండ పెట్టేవారు. పొద్దున అన్నం, తరవాణి తీసుకుని కొంచెం అడుగున ఉంచితే, అదే మర్నాటికి తోడులా పనిచేసేది. రెండోది, గోరువెచ్చటి అన్నంలో కాచిన పాలు పోసి, కాస్త పెరుగు తోడు వేసి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి ముక్కలు వేసి రాత్రంతా ఉంచడం. పాలు పడనివాళ్లకి మొదటిది, మిగతా అందరికీ రెండోది అంటాను. తోడు పడితే పులుపు త్వరగా ఎక్కుతుంది, చెడ్డ బ్యాక్టీరియా పెరిగే సందు తగ్గుతుంది.

ఆ సందు గురించి భయపడక్కర్లేదు గానీ తెలుసుకోవాలి. వండిన అన్నంలో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉడికినా చావకుండా ఉండగలవు. అన్నాన్ని గంటల తరబడి బయట వదిలేస్తే అవి మేలుకుని విషాన్ని తయారుచేస్తాయి. వాంతులు కలిగించే ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. కాబట్టి మధ్యాహ్నం వండి సాయంత్రం దాకా బల్ల మీద ఉన్న అన్నంతో చద్దన్నం చెయ్యకండి. రాత్రి వండింది, చల్లారిన గంటా రెండు గంటల్లోపే మునిగేదాకా నీళ్లు లేదా పాలు, తోడు పడాలి. ఎనిమిది నుంచి పన్నెండు గంటలు చాలు. మే నెలలో అయితే పొద్దున్నే తినెయ్యాలి, పదింటి దాకా ఉంచకూడదు.

మంచి చద్దన్నం మూత తీయగానే తెలిసిపోతుంది. కుండ అంచు చుట్టూ ఆవగింజంత బుడగలు ఉంటాయి. పలచని మజ్జిగ వాసన వస్తుంది. మెతుకు ఉబ్బి, వేళ్ల మధ్య నొక్కితే మెత్తగా విరుగుతుంది. మెతుకులు జిగురుగా సాగినా, గులాబీ రంగో పచ్చ రంగో చార కనిపించినా, ముక్కు ముడుచుకునే వాసన వచ్చినా మొత్తం పారబొయ్యాల్సిందే. పైది తీసేసి కిందది తినడం పనికిరాదు.

చద్దన్నంలో ఇనుము 3.4 నుంచి 73.9 మిల్లీగ్రాములకి పెరుగుతుందని వాట్సాప్‌లో ఒక లెక్క తిరుగుతూ ఉంటుంది. నేను దాన్ని నమ్మను. బ్యాక్టీరియా ఇనుమును పుట్టించలేదు, అది బియ్యంలోంచో నీళ్లలోంచో పాత్రలోంచో రావాలి. జరిగేదేమిటంటే, పులిసేటప్పుడు ఫైటిక్ ఆమ్లం తగ్గి, ఉన్న ఇనుమునే ఒళ్లు ఇంకాస్త బాగా పీల్చుకుంటుంది. ఆ మేలు చాలు, అంకెల్ని పెంచి చెప్పాల్సిన పని లేదు. రక్తం తక్కువున్నవాళ్లు చద్దన్నం మీద భరోసా పెట్టి డాక్టర్ రాసిన మాత్రలు మానెయ్యకండి.

షుగర్ ఉన్నవాళ్లకి ఒక మాట. ఎంత పులిసినా అది అన్నమే. గుప్పెడు మెతుకులు, ఎక్కువ తరవాణి లేదా మజ్జిగ, పక్కన ఉల్లిపాయ, ఉడికించిన శనగలో గుడ్డో పెట్టుకుంటే మేలు. పెద్ద గిన్నె నిండా తింటే ఇడ్లీల పళ్లెం ఖాళీ చేసినట్టే.

అంబలి: పొద్దున టైం లేనివాళ్లకి, షుగర్ ఉన్నవాళ్లకి

కోస్తాలో చోళ్లు, తెలంగాణలో తైదలు, సీమలో రాగులు. పేరు ఏదైనా గింజ ఒకటే. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం 100 గ్రాముల రాగుల్లో దాదాపు 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. బియ్యంలో పది మిల్లీగ్రాములు కూడా ఉండదు. పిండిని రాత్రి నీళ్లలో కలిపి పులియబెడితే కాల్షియాన్ని పట్టి ఉంచే ఫైటిక్ ఆమ్లం ఇక్కడా తగ్గుతుంది.

మూడు టేబుల్‌స్పూన్ల పిండి, గ్లాసు నీళ్లు, రాత్రంతా మూత పెట్టి ఉంచడం. పొద్దున రెండు గ్లాసుల నీళ్లు మరిగించి, పైకి కొద్దిగా నురగ కట్టిన ఆ పిండిని పోసి, ఉండ కట్టకుండా పది నిమిషాలు తిప్పడం. ఇక్కడ బ్యాక్టీరియా చచ్చిపోతుంది. పూర్తిగా చల్లారాక మజ్జిగ కలిపితే బతికున్నది మళ్లీ వచ్చి చేరుతుంది. అంబలిలో మజ్జిగ పోసే పాత అలవాటు నాకు అందుకే అంత నచ్చుతుంది. ఆదివారం చేసి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే మూడు రోజులు వస్తుంది, మజ్జిగ మాత్రం తాగేముందే కలపండి. ఆఫీసుకి సీసాలో పోసుకెళ్లడానికి దీన్ని మించింది లేదు. షుగర్ ఉన్నవాళ్లు పలచగా చేసుకోవాలి, బెల్లం వద్దు.

కంజి: రంగు బాగుంటుంది, ఉప్పు చూసుకోండి

కంజి ఉత్తరాది పానీయం. నల్ల క్యారెట్లు, ఆవపిండి, ఉప్పు, నీళ్లు కలిపి ఎండలో పెడతారు. హోలీ రోజుల్లో ఎక్కువగా తాగుతారు. మనకి నల్ల క్యారెట్లు అరుదు కాబట్టి మామూలు క్యారెట్ మూడు, బీట్‌రూట్ ఒకటి వేసుకోవచ్చు. రెండు లీటర్ల నీళ్లకి రెండు టేబుల్‌స్పూన్ల ఆవపిండి, 30 గ్రాముల ఉప్పు. మన ఎండలకి రెండు మూడు రోజుల్లో పులుస్తుంది, చలికాలం నాలుగైదు రోజులు పడుతుంది.

పాలు లేకుండా బతికున్న బ్యాక్టీరియా కావాలనుకునేవాళ్లకి ఇది చక్కటి దారి. కానీ లెక్క వెయ్యండి: రెండు లీటర్లలో 30 గ్రాముల ఉప్పు ఉంటే, 200 మిల్లీలీటర్ల గ్లాసులో మూడు గ్రాములు. రోజు మొత్తానికి ఐదు గ్రాముల లోపే ఉప్పు తినమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఒక్క గ్లాసుతో సగం దాటిపోయింది. అందుకే కంజి కాఫీ కప్పులో సగం మాత్రమే, అదీ బీపీ లేనివాళ్లకి. బీపీ, కిడ్నీ సమస్యలున్నవాళ్లకి నేను కంజి ఇవ్వమని చెప్పను.

రెండేళ్ల కిందట మే నెలలో ఒక కంజి సీసా మూత గట్టిగా బిగించి బాల్కనీలో వదిలేశాను. మూడో రోజు మధ్యాహ్నం పెద్ద చప్పుడైంది. వెళ్లి చూస్తే గోడ నిండా ఎర్రటి మరకలు, నేల మీద గాజు ముక్కలు. ఆ సమయంలో పిల్లలు అక్కడ లేరు. పులిసేటప్పుడు గ్యాస్ పుడుతుంది, అది బయటికి పోవడానికి దారి ఉండాలి. అప్పటినుంచి జాడీ మూతికి గుడ్డ కడుతున్నాను, లేదా మూత వదులుగా పెట్టి రోజూ ఒకసారి తీసి చూస్తున్నాను. ఈ జాగ్రత్త కొంబుచాకి ఇంకా ఎక్కువ అవసరం.

కొంబుచా, కెఫిర్, కిమ్చి

కొంబుచా అంటే తియ్యటి టీలో ఈస్ట్, బ్యాక్టీరియా కలిసి అట్టులా పేరుకున్న స్కోబీ వేసి వారం పదిరోజులు పులియబెట్టేది. లీటరుకి 70, 80 గ్రాముల పంచదార పడుతుంది. అందులో కొంత బ్యాక్టీరియా తినేస్తుంది, మిగిలింది మనం తాగుతాం. ఈస్ట్ ఉంటుంది కాబట్టి కొద్దిగా ఆల్కహాల్ కూడా తయారవుతుంది. ఇంట్లో ఎంత తయారైందో కొలిచే వీలుండదు. గర్భిణులకి, చిన్నపిల్లలకి, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లకి వద్దు. కూల్‌డ్రింకు మానలేకపోతున్నవాళ్లకి మాత్రం ఇది మంచి మార్పు. రోజూ సాయంత్రం కోలా తాగే మనిషి దాని బదులు చిన్న గ్లాసు కొంబుచా తాగితే లాభమే. మజ్జిగ తాగే మనిషి మజ్జిగ మాని కొంబుచా పట్టుకోవడంలో నాకు అర్థం కనిపించదు.

కెఫిర్ మన పెరుగుకి దగ్గరి చుట్టమే. పెరుగు కంటే ఎక్కువ రకాల బ్యాక్టీరియా, ఈస్ట్ ఉంటాయి. పాలు కాచి తోడు వేసినట్టు వెచ్చగా ఉంచక్కర్లేదు, గది వేడి చాలు. ఎవరైనా కెఫిర్ గ్రెయిన్స్ (తోడుగా వేసే తెల్లటి ముద్దలు) ఇస్తే ప్రయత్నించండి. కానీ వాటికి రోజూ పాలు మార్చాలి, ఊరెళ్తే టెన్షన్.

కొరియావాళ్ల కిమ్చి, యూరప్‌వాళ్ల సౌర్‌క్రాట్ ఎక్కువగా క్యాబేజీని ఉప్పులో పులియబెట్టి చేసేవి, చల్లటి దేశాల్లో పుట్టినవి. సౌర్‌క్రాట్‌కి కిలో క్యాబేజీకి 20 గ్రాముల ఉప్పు, 18 నుంచి 22 డిగ్రీల వేడి అనుకూలం. మన ఏప్రిల్‌లో 38 డిగ్రీల వంటింట్లో ముక్క రెండు రోజులకే మెత్తబడిపోతుంది. చెయ్యాలనుకుంటే డిసెంబరు, జనవరి నెలల్లో చెయ్యండి. ముక్క ఎప్పుడూ ఉప్పునీళ్లలో మునిగి ఉండాలి, పైకి తేలితే బూజు పడుతుంది.

ఎంత తినాలి, ఎలా మొదలుపెట్టాలి

2021లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ పరిశోధకులు 36 మంది ఆరోగ్యవంతుల మీద ఒక పరిశీలన చేశారు. పది వారాల పాటు సగం మందికి పీచు ఎక్కువున్న ఆహారం, సగం మందికి పులియబెట్టిన ఆహారం. రెండో జట్టు పెరుగు, కెఫిర్, కిమ్చి, కొంబుచా లాంటివి తిన్నది. వాళ్ల పేగుల్లో బ్యాక్టీరియా రకాలు పెరిగాయి, రక్తంలో ఒంటి లోపలి వాపుకి (ఇన్‌ఫ్లమేషన్) సంబంధించిన 19 ప్రొటీన్లు తగ్గాయి. ఆశ కలిగించే ఫలితమే. అయితే అది చిన్న పరిశీలన, తిన్నది రోజుకి సగటున ఆరు వంతులు (సర్వింగ్‌లు). దీన్ని పట్టుకుని రోగాలు నయమవుతాయని చెప్పడం తప్పు.

మీరు ఆరు వంతులతో మొదలుపెట్టకండి. మొదటి వారం అరకప్పు చాలు, లేకపోతే గ్యాస్, ఉబ్బరం వచ్చి రెండో వారానికే మానేస్తారు. వారం తర్వాత కప్పు, నెల తర్వాత రెండో రకం. ఒకేసారి మూడు కొత్తవి మొదలుపెడితే ఏది పడిందో ఏది పడలేదో తెలియదు. పులిసినవి తింటే తలనొప్పో దద్దుర్లో వస్తున్నాయంటే ఆపి చూడండి, కొందరికి వాటిలోని హిస్టమిన్ అనే రసాయనం పడదు. కీమోథెరపీలో ఉన్నవాళ్లు, అవయవ మార్పిడి చేయించుకున్నవాళ్లు డాక్టర్ని అడగకుండా ఇంట్లో పులియబెట్టినవి తినకూడదు.

పాత్ర సంగతి కూడా చూసుకోవాలి. మట్టికుండ, పింగాణీ జాడీ, గాజు, స్టీలు మంచివి. అల్యూమినియం, రాగి, కళాయి లేని ఇత్తడి పాత్రల్లో పులుపు ఉంచితే లోహం తిండిలోకి దిగుతుంది.

అమెరికాలోనో బ్రిటన్‌లోనో ఉండి ఇడ్లీ పిండి పొంగడం లేదనేవాళ్లు చలిని దాటాలి. ఓవెన్ ఆన్ చెయ్యకుండా లోపలి లైటు మాత్రం వేసి గిన్నె అందులో పెట్టండి. పెరుగుకి అయితే ఇన్‌స్టంట్ పాట్ (కరెంటు ప్రెషర్ కుక్కర్)లో యోగర్ట్ బటన్ ఉంటే చాలు.

మా ఇంట్లో ఇప్పుడు రోజూ నడిచేవి రెండే. మధ్యాహ్నం అందరికీ పెరుగు, సాయంత్రం నాన్నకి ఉప్పు లేని మజ్జిగ కలిపిన పలచటి రాగి అంబలి, ఆయనకి షుగర్, బీపీ రెండూ ఉన్నాయి. శని, ఆదివారాల్లో తోడు వేసిన చద్దన్నం, ఎందుకంటే ఆ రెండు రోజులే పొద్దున తీరిగ్గా కూర్చుని తినగలం. కంజి జాడీ సంక్రాంతి వెళ్లాక తీస్తాం, శివరాత్రికి కడిగి పైన పెట్టేస్తాం. ఊరెళ్లేటప్పుడు రెండు చెంచాల పెరుగు చిన్న డబ్బాలో వేసి ఫ్రీజర్లో పెడతాను. తిరిగొచ్చాక దాన్ని కరగనిచ్చి తోడు వేస్తే మొదటిరోజు కాస్త పలచగా పేరుకుంటుంది, రెండోసారికి గట్టిపడుతుంది.